నగర భూ వినియోగ, అభివృద్ధి నియంత్రణలు: హైదరాబాద్ చరిత్ర చెప్పే ప్రయోజనాలు

9.1 పరిచయం

ఇల్లు కట్టుకోవాలనుకున్న ప్రతి ఒక్కరికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. డబ్బు మనది, స్థలం మనది, రిజిస్ట్రేషన్ మన పేరు మీద ఉంది. మరి ఎంత ఎత్తు కట్టాలో, ప్రహరీకీ గోడకీ మధ్య ఎంత ఖాళీ వదలాలో, మేడ మీద దుకాణం పెట్టవచ్చో లేదో మున్సిపాలిటీ ఎందుకు చెప్పాలి? మీలో చాలామంది ఉద్యోగం చేసుకుంటూ చదువుతున్నవారే. ఈ ప్రశ్న మీకు పుస్తకంలోకంటే ముందు జీవితంలోనే ఎదురై ఉంటుంది. నగర శివారులో 150 గజాల ప్లాటు కోసం బ్రోకరు వెంట తిరిగినవారికీ, అపార్ట్‌మెంటు సెల్లారులో బండి పెట్టుకోవడానికి చోటు దొరకనివారికీ ఈ పాఠం కొత్తది కాదు.

సాధారణంగా ప్రణాళికా చట్టాలు మొదటి పేజీలోనే తమ లక్ష్యాలను ప్రకటిస్తాయి. ప్రజారోగ్యం, భద్రత, సౌకర్యం, క్రమబద్ధమైన అభివృద్ధి, పర్యావరణ పరిరక్షణ వంటి మాటలు ఏ చట్టం తెరిచినా కనిపిస్తాయి. వాటిని కంఠస్థం చేస్తే పరీక్షలో నాలుగు మార్కులు రావచ్చు గానీ విషయం బోధపడదు. ఒక నిబంధన ఎందుకు పుట్టిందో తెలియాలంటే, అది పుట్టేముందు ఆ ఊళ్ళో ఏం జరిగిందో చూడాలి. అందుకే ఈ భాగంలో ఒకే నగరాన్ని తీసుకుని, సుమారు నూట పదిహేనేళ్ళ కాలంలో దాని భూమి మీద విధించిన నియంత్రణలను పరిశీలిద్దాం. ఆ నగరం హైదరాబాద్.

9.2 మూసీ వరద, మహమ్మారి: నియంత్రణకు పునాది

1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాద్‌ను ముంచెత్తింది. అప్పటి నగర జనాభా సుమారు 5 లక్షలు. ఒక్కరోజులో 10 నుంచి 15 వేల మంది మరణించారని అంచనాలున్నాయి. నది ఒడ్డున కిక్కిరిసి ఉన్న అఫ్జల్‌గంజ్, కోల్సావాడి, ఘాన్సీ బజార్ ప్రాంతాల్లో వేలాది ఇళ్ళు కూలిపోయాయి. 1578 నాటి పురానాపూల్ నిలిచింది గానీ తరువాతి కాలంలో కట్టిన వంతెనలు దెబ్బతిన్నాయి. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు కాపాడుకున్నారని చెబుతారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. అఫ్జల్‌గంజ్ వైపు వెళ్ళినప్పుడు చూడండి.

అప్పటి పాలకుడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. వరద కారణాలను పరిశీలించి, మళ్ళీ రాకుండా చూసే పథకం తయారుచేయడానికి ఆయన ప్రభుత్వం 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ప్రత్యేక సలహా ఇంజినీరుగా పిలిపించింది. అప్పటికి ఆయన బొంబాయి రాష్ట్ర సర్వీసు నుంచి తప్పుకుని ఉన్నారు. ఆయన పరిశీలన ఒక ముఖ్యమైన విషయాన్ని బయటపెట్టింది. నగరానికి ఎగువన మూసీ పరీవాహక ప్రాంతంలో దాదాపు 800 చెరువులు ఉండేవి. అంటే సుమారు చదరపు మైలుకు ఒక చెరువు. ఆ కుండపోతకు వాటిలో 200కు పైగా చెరువులకు గండ్లు పడ్డాయి. ఒక చెరువు తెగి దాని కింది చెరువును తెంపింది, అది దాని కింది చెరువును తెంపింది. అలా గొలుసుకట్టుగా వచ్చిన నీరంతా ఒకేసారి నగరం మీద పడింది.

దీనికి విశ్వేశ్వరయ్య సూచించిన పరిష్కారం రెండు భాగాలు. నగరానికి ఎగువన మూసీ మీద, దాని ఉపనది ఈసీ మీద రెండు జలాశయాలు కట్టి వరదను ఆపడం మొదటిది. నగరంలో నది గట్లను ఎత్తు చేసి, ఒడ్డున ఇళ్ళకు బదులు తోటలు, విశాలమైన రోడ్లు ఏర్పాటు చేయడం, మురుగునీటి వ్యవస్థను నిర్మించడం రెండవది. మొదటి భాగం ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. మనం గండిపేట అని పిలుచుకునే చెరువు ఈ ఉస్మాన్‌సాగరే. ఈ జలాశయాల గురించి మళ్ళీ మాట్లాడుకోవాలి, గుర్తుపెట్టుకోండి.

రెండవ భాగం మన పాఠానికి మరింత దగ్గరిది. నది ఒడ్డున ఇళ్ళు ఉండకూడదు, తోటలు ఉండాలి అన్న మాటే భూ వినియోగ నియంత్రణ. ఆ భూమి ఎవరిదన్నది ఇక్కడ తరువాతి ప్రశ్న. వరద వచ్చినప్పుడు నీటికి దారి కావాలి, కాబట్టి అక్కడ ఏం ఉండవచ్చు, ఏం ఉండకూడదు అన్నది ముందు నిర్ణయించారు.

1911లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ అధికారంలోకి వచ్చారు. ఆ కాలంలోనే నగరాన్ని ప్లేగు కూడా పీడించింది. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. దీన్ని అప్పట్లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు అనేవారు. ఇలాంటి సంస్థ ఇదే మొదటిది కాదు. 1896లో ప్లేగు వచ్చిన తరువాత 1898లోనే బొంబాయిలో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఏర్పడింది. రెండు చోట్లా కారణం ఒక్కటే. గాలి, వెలుతురు లేని ఇరుకు గల్లీల్లో జబ్బు త్వరగా వ్యాపిస్తుందని అప్పటి వైద్యులు, అధికారులు గట్టిగా నమ్మారు. ఈరోజు మీ ఇంటి ప్లానులో వదలమని అడిగే 'సెట్‌బ్యాక్', అంటే గోడ చుట్టూ ఉండే ఖాళీ, ఈ నమ్మకం నుంచి పుట్టిందే. ప్లేగు ఎలుకల మీది గోమారుల (ఫ్లీ) ద్వారా వస్తుందని తరువాత తేలింది. అయినా గాలి, వెలుతురు అవసరమన్న మాట తప్పు కాలేదు. క్షయ విషయంలో అది నేటికీ నిజమే.

హైదరాబాద్ బోర్డు ఇరుకు మొహల్లాలను తొలగించింది, రోడ్లు వెడల్పు చేసింది, పత్థర్‌గట్టి దగ్గర రాతి కమానులతో ఒకే తీరుగా ఉండే దుకాణాల వరుస కట్టించింది, తక్కువ ఆదాయం గలవారికి ఇళ్ళు నిర్మించింది. ఏడో నిజాం కుమారుడు మొజంజా దీనికి నాయకత్వం వహించారు. మొజంజాహి మార్కెట్‌కు ఆ పేరు అలా వచ్చింది. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ వంటి కట్టడాలు మూసీకి అటూ ఇటూ లేచినది ఈ కాలంలోనే.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మన పాఠ్యపుస్తకాల్లో బోర్డు గురించి మెచ్చుకోలు మాటలే ఎక్కువ. ఇరుకు మొహల్లా తొలగించినప్పుడు అందులోని మనుషులు ఎక్కడికి వెళ్ళారన్నది కూడా చరిత్రలో భాగమే. కొత్త ఇల్లు దొరికినవారున్నారు, దొరకనివారూ ఉన్నారు. ప్రజారోగ్యం అనే ప్రయోజనం పేరు మీద పేదవాడి ఇల్లు ముందు కూలడం అన్నది మన నగరాల్లో ఆనాటి నుంచి ఈనాటి దాకా తెగని ముడి.

మీ అవగాహనను పరీక్షించుకోండి: సెట్‌బ్యాక్ అనే నిబంధన వెనుక ఉన్న తొలి ప్రయోజనం ఏమిటి? ఈనాడు దానికి తోడైన మరో ప్రయోజనం ఏమై ఉంటుంది? (జవాబు 9.4లో వెతకండి.)

9.3 రంగుల పటం: 1975 మాస్టర్ ప్లాన్

మొదటి దశలో నియంత్రణ అంటే ఒక ప్రాంతాన్ని బాగుచేయడం. నగరం మొత్తాన్ని ఒకే పటం మీద పెట్టి, ఎక్కడ ఏముండాలో ముందుగా నిర్ణయించడం హైదరాబాద్‌లో ఆలస్యంగా వచ్చింది. 1955లో హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం, 1960లో హైదరాబాద్, సికింద్రాబాద్ కార్పొరేషన్ల విలీనం, 1975లో పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం వరుసగా వచ్చాయి. ఆ 1975లోనే నగరానికి మాస్టర్ ప్లాన్ మంజూరైంది, హుడా అనే నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఆ తరువాత జోనల్ నిబంధనలు వచ్చాయి. 2008లో హుడా స్థానంలో హెచ్.ఎం.డి.ఎ. వచ్చింది.

మాస్టర్ ప్లాన్ అంటే ఏమిటి? పటం మీద సాధారణంగా నివాస ప్రాంతానికి పసుపు, వాణిజ్యానికి నీలం, పరిశ్రమలకు ఊదా, పార్కులు, ఆటస్థలాలకు ఆకుపచ్చ రంగు వేస్తారు. ఒక సర్వే నంబరు మీద ఏ రంగు పడిందన్నదాన్ని బట్టి దాని ధర మారుతుంది. కాబట్టి ఈ పటం గీసేవాడి చేతిలోని కలం చాలా బరువైనది. వ్యవసాయ జోన్‌లోని ఎకరం నివాస జోన్‌గా మారితే, ఆ భూమి మీద రైతు ఒక్క చాలు కూడా కొత్తగా దున్నకుండానే దాని విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ పెరుగుదల ఎవరికి చెందాలన్నది ఆర్థికవేత్తల మధ్య పాత వాదం. మన దగ్గర మాత్రం అది ఎక్కువగా మార్పు సంగతి ముందుగా తెలిసినవారికే చెందుతూ వచ్చింది.

ఇక్కడ విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర అవసరాలకు మార్చడానికి 2006లో ఒక చట్టం వచ్చింది. జనం దాన్ని 'నాలా కన్వర్షన్' అంటారు. అది రెవెన్యూ శాఖ పని. మాస్టర్ ప్లాన్‌లో భూ వినియోగం మార్చడం వేరు. దానికి ప్రభుత్వం ముసాయిదా ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలకు గడువిచ్చి, రుసుము తీసుకుని, తుది ఉత్తర్వు ఇవ్వాలి. 'నాలా అయిపోయింది సార్, ఇక ఏ ఇబ్బందీ లేదు' అని బ్రోకరు అంటే, అది సగం మాట మాత్రమే. నాలా వేరు, నాళా వేరు అన్నది ఇంకో తమాషా. వాననీటి కాలువను కూడా మనం నాలా అనే పిలుస్తాం. ఈ రెండు నాలాల మధ్య చిక్కుకున్న ప్లాట్లు నగరంలో తక్కువేమీ కావు.

జోన్లుగా విడదీయడానికి మొదటి కారణం పరిశ్రమలు, ఇళ్ళు ఒకదానికొకటి దూరంగా ఉండాలని. పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాలను చూడండి. నగరానికి దూరంగా పారిశ్రామికవాడలు పెట్టారు. నివాసాలకు దూరం అన్న ప్రయోజనం నెరవేరినట్టే కనిపించింది. కానీ ఆ ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో కలిశాయి. నక్కవాగు పోయి మంజీరలో కలుస్తుంది. మంజీర నీళ్ళు నగరానికి తాగునీళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళలో పొలాలు, బావులు పాడయ్యాయి. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, రైతులకు నష్టపరిహారం ఇవ్వవలసి వచ్చింది. పటం మీద ఊదారంగు, పసుపురంగు తాకకుండా గీస్తే సరిపోదు. వాగు ఏ రంగుల మధ్య నుంచి పోతోందో కూడా చూడాలన్నది దీనివల్ల తేలింది.

9.4 ఎత్తు, వెడల్పు, ఖాళీ: భవన నిబంధనలు

భవన నిబంధనల విషయంలో హైదరాబాద్ మిగతా మహానగరాలకు భిన్నమైన దారి పట్టింది. ముంబయి, చెన్నై నగరాల్లో స్థలం వైశాల్యానికి ఇన్ని రెట్లే కట్టాలి అనే పరిమితి ఉంటుంది. దాన్ని ఎఫ్.ఎస్.ఐ. అంటారు. 2006లో వచ్చిన 86వ నంబరు జీవోతో హైదరాబాద్‌లో ఈ పద్ధతిని సాధారణంగా వదిలేశారు. దాని బదులు ముందున్న రోడ్డు వెడల్పు, స్థలం వైశాల్యం, చుట్టూ వదిలే ఖాళీ కలిసి భవనం ఎత్తును నిర్ణయిస్తాయి. 2012 ఏప్రిల్‌లో వచ్చిన 168వ నంబరు జీవో ఈ పద్ధతినే కొనసాగించింది. వెడల్పాటి రోడ్డు, పెద్ద స్థలం ఉంటే ఎంత ఎత్తయినా కట్టవచ్చు. కోకాపేట, నానక్‌రామ్‌గూడ వైపు ఆకాశాన్ని తాకే భవనాలకు మూలం ఇదే.

ఇందులో మంచీ ఉంది, చెడూ ఉంది. స్థలం దొరకని నగరంలో పైకి కట్టుకోనివ్వడం వల్ల ఇళ్ళ సంఖ్య పెరుగుతుంది. కానీ రోడ్డు వెడల్పు మీద లెక్క వేసినప్పుడు ఆ రోడ్డు మీద ఇప్పటికే ఎన్ని భవనాలున్నాయి, వాటికి నీళ్ళు, డ్రైనేజీ సరిపోతాయా అన్న లెక్క వెనక్కి పోతుంది. ఒక్కొక్క భవనం నిబంధన ప్రకారమే ఉంటుంది, వీధి మొత్తం మాత్రం ఊపిరాడక ఉంటుంది.

ఇక ఖాళీ సంగతి. 2012 నిబంధనల ప్రకారం 18 మీటర్లు, అంతకు మించి ఎత్తున్న భవనం చుట్టూ కనీసం 7 మీటర్ల ఖాళీ వదలాలి. ఎత్తు పెరిగేకొద్దీ ఈ ఖాళీ పెరుగుతుంది. గాలి, వెలుతురుతోపాటు ఇక్కడ మరో ప్రయోజనం ఉంది. అగ్నిప్రమాదం జరిగితే ఫైరింజన్ భవనం చుట్టూ తిరగగలగాలి. ఆ ఖాళీలో జనరేటరు గది కట్టినవారు, కార్ల కోసం రేకుల షెడ్డు వేసినవారు ఈ సంగతి ఎప్పుడూ తలుచుకోరు. ప్రమాదం జరిగిన రాత్రి మాత్రమే అందరికీ గుర్తొస్తుంది.

నిబంధన పెట్టడం ఒక ఎత్తు, అమలు మరో ఎత్తు. అనుమతి తీసుకున్నాక పైన ఒక అంతస్తు ఎక్కువ వేయడం మన బిల్డర్లకు అలవాటు. దీన్ని అరికట్టడానికి 2006 నిబంధనల్లోనే ఒక ఏర్పాటు చేశారు. నిర్మాణ వైశాల్యంలో 10 శాతం, లేదా ఒక అంతస్తు భాగాన్ని ముందుగానే అనుమతి ఇచ్చే సంస్థకు హామీగా రాసివ్వాలి. ప్లాను ప్రకారం కట్టి, నివాసయోగ్యతా పత్రం తీసుకున్నాకే అది విడుదలవుతుంది. ఫ్లాటు కొనేవారు ఈ పత్రం ఉందో లేదో అడిగితే చాలు, సగం తగాదాలు తగ్గుతాయి. చాలామంది పూజగది ఏ దిక్కున ఉందో అడుగుతారు, ఈ పత్రం గురించి అడగరు.

తెలంగాణ ప్రభుత్వం 2020లో టీఎస్-బీపాస్ చట్టం తెచ్చింది. 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు స్థలాల్లో, 10 మీటర్ల ఎత్తు వరకు ఇళ్ళకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే అనుమతి వస్తుంది. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ, చేయి తడిపే బాధ దీనివల్ల తగ్గాయి. ముందు నమ్మి, తరువాత తనిఖీ చేసే పద్ధతి ఇది. తనిఖీ నిజంగా జరిగినంత వరకే దానికి బలం.

9.5 చెరువు హద్దు

ఇప్పుడు ఈ పాఠంలోని ముఖ్యమైన అంశానికి వద్దాం. హైదరాబాద్‌లో పేర్లు గమనించండి. మాసాబ్‌ట్యాంకు ఇప్పుడు ఒక కూడలి. ఒకప్పుడు అక్కడ మా సాహెబా పేరు మీద చెరువు ఉండేది. కుంట, చెరువు అని పేరు చివర ఉన్న కాలనీలు ఎన్నో ఉన్నాయి, వాటిలో నీళ్ళు వానాకాలంలోనే కనిపిస్తాయి, అదీ ఇళ్ళలో.

చెరువు నిండినప్పుడు నీరు ఎక్కడి దాకా వస్తుందో ఆ గీతను పూర్తి నీటి మట్టం అంటారు. వాడుకలో ఎఫ్.టి.ఎల్. ఆ గీత లోపలి భూమి శిఖం భూమి. తెలంగాణ గ్రామాల్లో శిఖం పట్టాలు కూడా ఉన్నాయి. నీళ్ళు తగ్గినప్పుడు ఆ మట్టిలో పంట పండించుకునే హక్కు రైతుకు ఉంటుంది. అది సేద్యపు హక్కే, కట్టడపు హక్కు కాదు. పాతకాలపు రైతులకు ఈ తేడా బాగా తెలుసు. నీరు వస్తుంది, పోతుంది, పంట దాని వెనకాలే వస్తుంది అన్నది వారి లెక్క. నగరం వచ్చి ఆ పట్టాను ప్లాట్లుగా కోసి అమ్మినప్పుడు, నీరు మళ్ళీ వస్తుందన్న సంగతి కాగితాల్లో కనపడకుండా పోయింది.

2012 నిబంధనలు ఈ గీత బయట కూడా కొంత ఖాళీ ఉండాలన్నాయి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువు చుట్టూ 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువు, కుంటల చుట్టూ 9 మీటర్లు వదలాలి. 10 మీటర్ల కంటే వెడల్పైన నాలాకు 9 మీటర్లు, అంతకంటే సన్నటి నాలాకు 2 మీటర్లు. నదికి నగర పరిధిలో 50 మీటర్లు, బయట 100 మీటర్లు. వీటిని బఫర్ జోన్ అంటారు.

ఈ అంకెలు ఎందుకు? ఒకే వాగు వరుసలో ఉన్న గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు నీరు పోవాలి. మధ్యలో నాలా మూసుకుంటే నీరు ఆగిపోదు, ఇంటి దారి పడుతుంది. 2000 ఆగస్టు 24న నగరంలో ఒక్కరోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన పడినప్పుడు హుస్సేన్‌సాగర్ చుట్టుపక్కల నాలాల వెంట కాలనీలు మునిగాయి. 2020 అక్టోబరులో మళ్ళీ జరిగింది. 13వ తేదీన ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన కురిసింది. ఆ వారంలోనే బాలాపూర్ ప్రాంతంలోని గుర్రం చెరువుకు గండి పడి పాతబస్తీ వైపు కాలనీలు నీళ్ళలో మునిగాయి. 1908 వరద గురించి విశ్వేశ్వరయ్య రాసిపెట్టిన కథే ఇది. చెరువు తెగి కింది ఊరి మీద పడటం అన్న పాఠాన్ని నగరం వందేళ్ళలో రెండుమూడు సార్లు చదివింది.

9.6 111వ జీవో: ప్రయోజనం తీరిందా?

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ల గురించి మళ్ళీ మాట్లాడుకుంటామని అన్నాం కదా. అవి వరద ఆపడానికి పుట్టి, నగరానికి తాగునీరు కూడా ఇచ్చాయి. 1996 మార్చి 8న ప్రభుత్వం 111వ నంబరు జీవో ఇచ్చింది. ఈ జలాశయాల పూర్తి నీటి మట్టం నుంచి 10 కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, నివాస కాలనీలు పెట్టకూడదని నిషేధించింది. పరీవాహక ప్రాంతంలోని 84 గ్రామాలు దీని కిందికి వచ్చాయి. అక్కడి భూమిలో 90 శాతం సేద్యానికి, వినోద, హరిత ప్రాంతాలకు ఉండాలన్నది నిబంధన.

వెంటనే పరీక్ష ఎదురైంది. శంషాబాద్ మండలంలో ఒక నూనెల కంపెనీ ఆముదం ఆధారిత రసాయనాల ఫ్యాక్టరీ పెట్టబోయింది. కాలుష్య నియంత్రణ మండలి ఒప్పుకోలేదు. రాష్ట్ర ప్రభుత్వమే ఆ కంపెనీకి 10 కిలోమీటర్ల నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1999, 2000 సంవత్సరాల్లో ఇచ్చిన తీర్పుల్లో కోర్టు ఒక కీలక సూత్రాన్ని నిలబెట్టింది. హాని జరిగిందని నిరూపించే దాకా ఆగనక్కర్లేదు, హాని జరగదని చూపించవలసిన భారం ఫ్యాక్టరీ పెట్టేవారిదే. తాగునీటి వనరు విషయంలో ఒక్కొక్కరికి మినహాయింపు ఇచ్చుకుంటూ పోవడం చెల్లదని తేల్చింది. పర్యావరణ చట్టం చదివే ప్రతి విద్యార్థికీ ఈ కేసు సుపరిచితం.

కానీ 84 గ్రామాల రైతుల వైపు నుంచి కూడా చూడండి. గీతకు అవతల ఎకరం కోట్లు పలుకుతోంది. గీతకు ఇవతల అదే నేల, అదే వాన, అమ్మబోతే గిట్టుబాటు లేదు. నగరం నీళ్ళు తాగుతుంది, దాని ఖర్చు వీరు భరించారు. నియంత్రణ వల్ల నష్టపోయినవారికి పరిహారం చెల్లించే ఏర్పాటు ఆ జీవోలో లేదు. నా దృష్టిలో దాని అసలు లోపం ఇదే. నిషేధం సరైనదే, భారం పంచడమే సరిగా జరగలేదు. అదీగాక డబ్బున్నవారి ఫామ్‌హౌస్‌లు, ఫంక్షన్ హాళ్ళు ఆ పరిధిలోనే లేచాయి. రైతుకు ఆగిన చేయి వారికి ఆగలేదు.

ఈలోగా నగరానికి కృష్ణా నీళ్ళు, గోదావరి నీళ్ళు వచ్చాయి. జంట జలాశయాల మీద ఆధారం తగ్గింది. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం 69వ నంబరు జీవో ద్వారా 111వ జీవో ఆంక్షలను ఎత్తివేసింది. జలాశయాల నీటి నాణ్యతను కాపాడుతూనే అభివృద్ధి జరగాలని అందులో పేర్కొన్నారు. దీని మీద కోర్టుల్లో వ్యాజ్యాలు పడ్డాయి.

ఇక్కడ చరిత్ర చదివినవారు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. తాగునీటి అవసరం తగ్గిందంటే ఒక ప్రయోజనం తగ్గినట్టు. మరి 1908 తరువాత ఈ జలాశయాలు కట్టిన మొదటి ప్రయోజనం సంగతేమిటి? ఎగువ నేల వాననీటిని పీల్చుకుని నెమ్మదిగా వదిలితేనే జలాశయం వరదను ఆపగలదు. ఆ నేల మీద కాంక్రీటు పరిస్తే నీరు ఒక్కసారిగా వచ్చి పడుతుంది, గేట్లు ఎత్తక తప్పదు. గేట్లు ఎత్తితే మూసీ ఒడ్డున ఎవరుంటారో 9.2లోనే చదివాం.

9.7 కట్టడం కాపాడటం

ఈ అంశాన్ని క్లుప్తంగా చూద్దాం. 1995లో హైదరాబాద్ జోనల్ నిబంధనల్లో 13వ నిబంధన చేరింది. చారిత్రక కట్టడాల జాబితా తయారుచేసి, వాటిని కూల్చడం, మార్చడం అనుమతి లేకుండా చేయకూడదన్నారు. 2015లో దాన్ని రద్దు చేశారు. 2019లో కొత్త శాసనసభ భవనం కోసం ఇర్రంమంజిల్ ప్యాలెస్‌ను కూల్చాలని మంత్రివర్గం నిర్ణయించింది. ఆ సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. ఒక నిబంధన పోయినా, మాస్టర్ ప్లాన్‌లోని రక్షణ అలాగే ఉందన్నది కోర్టు వాదనలో ముఖ్యభాగం. అంటే భూ వినియోగ నియంత్రణ ప్రాణాలను, నీటిని మాత్రమే కాక జ్ఞాపకాన్ని కూడా కాపాడే పని చేయగలదు.

9.8 క్రమబద్ధీకరణ: నిబంధన రుసుముగా మారినప్పుడు

అనుమతి లేని భవనాలకు 2007 చివర బి.పి.ఎస్., 2015లో బి.ఆర్.ఎస్., అనుమతి లేని లేఅవుట్లకు 2007 చివర, 2015లో, మళ్ళీ 2020లో ఎల్.ఆర్.ఎస్. పథకాలు వచ్చాయి. 2020 పథకానికి రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఈ ఒక్క అంకె చాలు, అమలు ఎలా ఉందో చెప్పడానికి. నిబంధన మీరినవారు నలుగురైతే నేరం అనవచ్చు, లక్షల్లో ఉంటే వ్యవస్థలోనే ఏదో లోపం ఉంది.

ఎల్.ఆర్.ఎస్. ఎలా పనిచేస్తుందో చూడండి. లేఅవుట్‌లో 10 శాతం స్థలం పార్కుకు వదలాలి. వదలకపోతే, దానికి బదులు ప్లాటు విలువలో 14 శాతం కట్టమంటారు. డబ్బు కట్టారు, ప్లాటు సక్రమమైంది. పార్కు మాత్రం రాలేదు. పిల్లలు రోడ్డు మీదే క్రికెట్ ఆడతారు. ఇందులో తప్పు చేసినవాడు ప్లాట్లు అమ్మి వెళ్ళిపోయాడు, రుసుము కట్టింది చీటీలు ఎత్తి, బంగారం తాకట్టు పెట్టి కొనుక్కున్న గుమాస్తా. అయినా ఈ పథకాలను పూర్తిగా తప్పుపట్టలేం. లక్షల కుటుంబాలను ఎప్పటికీ అక్రమం అనే ముద్రతో ఉంచడం కూడా న్యాయం కాదు. చెరువు పూర్తి నీటి మట్టం లోపలి ప్లాట్లను మాత్రం ఈ పథకం నుంచి మినహాయించారు. అది సబబే. పార్కు లోటును డబ్బుతో కొంతైనా పూడ్చవచ్చు, వరదను డబ్బుతో పూడ్చలేం.

2024 జూలైలో హైడ్రా అనే సంస్థ ఏర్పడి చెరువులు, నాలాల మీది కట్టడాలను కూల్చడం మొదలుపెట్టింది. పెద్దవారి కట్టడాలు కూలినప్పుడు చప్పట్లు కొట్టినవారున్నారు. కూలి డబ్బుతో కట్టుకున్న ఇల్లు నేలమట్టమైనప్పుడు ఏడ్చినవారున్నారు. వారి చేతిలో రిజిస్ట్రేషన్ కాగితం ఉంది, కరెంటు మీటరుంది, ఇంటిపన్ను రసీదు ఉంది. ప్రభుత్వంలోని మూడు శాఖలు ఆ ఇంటిని గుర్తించాయి, నాలుగో శాఖ కూల్చింది. పన్ను రసీదు యాజమాన్య హక్కునూ ఇవ్వదు, కట్టుకునే హక్కునూ ఇవ్వదు అన్నది చట్టం చెప్పే మాట. ఆ మాట కొనేముందు వారికి ఎవరూ చెప్పలేదు.

అందుకని మీరు, లేదా మీ బంధువులు, ప్లాటు కొనబోతుంటే ఈ పని చేయండి. సర్వే నంబరు తీసుకుని, మాస్టర్ ప్లాన్‌లో దాని భూ వినియోగం ఏమిటో హెచ్.ఎం.డి.ఎ. నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి. దగ్గర్లో చెరువు, కుంట ఉంటే దాని పూర్తి నీటి మట్టం గుర్తించారో లేదో, ప్రాథమిక ప్రకటన మాత్రమే వచ్చిందో, తుది ప్రకటన కూడా వచ్చిందో చూడండి. లేఅవుట్ అనుమతి నంబరు అడగండి. ఆ తరువాత ఒక వానాకాలపు సాయంత్రం, వాన వెలిసిన వెంటనే, ఆ స్థలానికి వెళ్ళి నిలబడి నీరు ఏ వైపు పోతోందో చూసి రండి.

నమూనా ప్రశ్నలు

1. 1908 మూసీ వరద హైదరాబాద్ భూ వినియోగ నియంత్రణలను ఏ విధంగా ప్రభావితం చేసిందో వివరించండి.

2. 111వ జీవో ప్రయోజనాలను, అది 84 గ్రామాల రైతుల మీద మోపిన భారాన్ని చర్చించండి. ఆ భారాన్ని నగరం ఎలా పంచుకోగలిగేదో మీ అభిప్రాయం రాయండి.

3. మీరు నివసించే ఊళ్ళో లేదా కాలనీలో ఇప్పుడు లేని ఒక చెరువునో, కుంటనో ఎంచుకోండి. అది ఎక్కడ ఉండేదో, ఇప్పుడు అక్కడ ఏముందో పెద్దవారిని అడిగి రెండు పేజీలు రాయండి.